వెనకడుగుల సినిమా హాలు

గొర్రె ఉన్ని, ఎరువుల ఘాటు, ప్రొజెక్టరు వేడి... మా చర్చిలో గాలి పీలిస్తే అన్ని కాలాలూ ఒక్కసారే ముక్కులో దూరతాయి.

మొదట మందిరం.

తర్వాత మంద — గొర్రెల్ని తోలారు.

ఆపైన మందు — పొలాలకు చల్లేది, బస్తాలకు బస్తాలు.

మధ్యలో కొన్నాళ్ళు ప్రార్థనల చోట చర్చలు పెట్టారు, దేవుడు లేడనే పార్టీవాళ్ళు.

ఇప్పుడు సినిమా. బలిపీఠానికి అడ్డంగా తెల్ల తెర.

రాళ్ళు కదల్లేదు. మాకే కుదురు లేదు...

బలిపీఠానికి వీపు చూపించకూడదు — ఆ సంగతి మా కాళ్ళకు తల్లిపాలతోనే వచ్చింది. ఆట అయిపోగానే ఊరంతా లేచి, తెరకేసి చూస్తూ, వెనక్కి వెనక్కి నడిచి బయటపడేది. ఒకరి మడమ ఇంకొకరి బొటనవేలి మీద.

ఎవరో ఈ సంగతి పైవాళ్ళకు మోశారు. తోలుకోటు వేసుకుని జిల్లా అధికారి గెఘామ్ దిగాడు.

"ఇవాళ ఒక్కడు వెనక్కి నడిచినా సరే, ఈ గోడలు పడగొట్టి పందుల కొట్టం కట్టిస్తా!"

సనామ్ ముసలమ్మ పెళ్ళి ఇక్కడే. యుద్ధం మింగిన కొడుకుల జ్ఞానస్నానమూ ఇక్కడే. వాళ్ళకు వేరే సమాధి లేదు.

మధ్యాహ్నం ఆట. నవ్వాల్సిన చోట ఎవరూ నవ్వలేదు. తెర తెల్లబడింది.

ఊరు తిరిగింది.

వీపులు... వీపులు... తలలు వంచుకుని, తలుపు వైపు.

సనామ్ లేవలేదు.

"తిరుగత్తయ్యా, నీకు దణ్ణం పెడతా," అంది కోడలు జబెల్.

"తిరగమనగానే తిరగడానికి నేనేమన్నా తిరగలినా?"

గెఘామ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఏం ముసలమ్మా, కాళ్ళనొప్పా, కొవ్వా?"

"కాళ్ళే నాయనా. రెండు చేతులూ పట్టుకుని నడిపించు. నీకు పుణ్యం... ఛ, నోరు జారింది, ప్రమోషన్ వస్తుంది."

లేచింది. తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె వీపు బలిపీఠానికి. కళ్ళు గట్టిగా మూసుకుంది.

అతను చేతులు పట్టుకున్నాడు. ఆమెను నడిపించాలంటే ఎదురుగానే ఉండాలి కదా —

ఆమె భుజం మీదుగా బలిపీఠం వైపే చూస్తూ, జిల్లా అధికారి వెనక్కి నడిచాడు. వెనక్కి... వెనక్కి... గుమ్మం దాకా.

ఎవ్వరం నవ్వలేదు.

అక్కడ ఆగాడు. తల తిప్పి మా మొహాలు చూశాడు. తన బూట్లు చూసుకున్నాడు. ముసలమ్మ చేతులు మాత్రం వదల్లేదు.

బయట మంచు. ముక్కులు ఎగబీల్చి నిలబడ్డాం...

పందుల వాసన ఇంకా లేదు.