ఐదో రీలు తర్వాత నాలుగోది

మా సినిమా సంఘంలో ప్రొజెక్టరు తిప్పేది నేను, మాటలు తిప్పేదీ నేనే. రీళ్ల డబ్బాల మీద సుద్దముక్కతో అంకెలు వేసేది మాత్రం మా ఆవిడ. ఆవిడ అంకె వేస్తే తప్ప నేను అంకెకు రాను.

కిందటి ఆటనాడు ఇరవైమంది ముందు ఆవిడ వంట మీద ఒక చమత్కారం విసిరాను. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. మర్నాడు పెట్టె సర్దుకుని వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది. అలిగింది ఆవిడ, పలకనిది నేను. మూడు వారాలు.

ఈ ఆదివారం మధ్యాహ్నం, కాపురం బీటలువారే పాత సినిమా ఒకటి వేశాం. ఐదు డబ్బాలు, ఒక్కదానికీ అంకె లేదు. అందాజుగా ఎక్కించాను. దీపాలు ఆర్పబోతుంటే వదినతో కలిసి మా ఆవిడ వచ్చి వెనక వరుసలో కూర్చుంది. ప్రొజెక్టరు కంటే ముందు నా తల తిరగడం మొదలెట్టింది.

తెర మీద భార్య పెట్టె పట్టుకుని గడప దాటింది. తర్వాతి రీల్లో ఇద్దరూ వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ పకపకా నవ్వుకున్నారు. ఆట ముగిసింది. చర్చ మొదలైంది.

"క్షమ అంటే అదండీ! దర్శకుడు చెప్పకుండా చూపించాడు," అన్నారు లెక్కల మాస్టారు.

"ఆ మౌనమే గొప్ప," అంది రోజంతా జనాన్ని నోరు తెరవమనే దంతవైద్యురాలు.

మా ఆవిడ లేచింది. "నాకో సందేహం. వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ ఇంటికెలా వచ్చింది? పిలిచిందెవరు?"

"తనే వచ్చి ఉంటుంది లేమ్మా," అన్నారు మాస్టారు.

"తనే ఎందుకొస్తుందండీ?"

అందరూ నా వైపు తిరిగారు. నాలుక చివర మూడు శ్లేషలు వరస కట్టాయి. మూడింటినీ మింగేశాను.

"పొరపాటు నాది. ఐదో రీలు ముందు వేసి, నాలుగోది తర్వాత వేశాను. అసలు కథలో ఆమె తిరిగి రాదు. వాడు పిలవడు."

"అయితే మన చర్చంతా?" అన్నారు మాస్టారు.

"బఠాణీ తొక్కలు!" అంది దంతవైద్యురాలు.

వెనక వరుస దాకా నడిచాను. వీధి చివరికి వినపడే నా గొంతు పక్క కుర్చీ దాటి వినపడనంత చిన్నదైపోయింది.

"ఆ రోజు నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను. తప్పయిపోయింది. ఇంటికి రా."

"అంతేనా? చివర్న జోకేదీ?"

"లేదు."

"వెళ్ళవే, మీ ఆయనకి ఒళ్ళు కాలుతోందేమో చూడు," అంది వదిన.

మా ఆవిడ తిన్నగా డబ్బాల దగ్గరికి నడిచి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాచింది. "సుద్దముక్క ఏదీ?"

జేబులోంచి తీసిచ్చాను. మూడు వారాలుగా అక్కడే ఉంది.