తెర కింద పెండలాలు

ఆ ఏడు క్వండికే అనే మా బావ ఇంట్లో దోమల బాధ లేకుండా పడుకున్నవి ఆయన పండించిన రెండు పెండలం దుంపలు మాత్రమే. ఒక్కోటి మనిషికన్నా పొడవు. దగ్గర్లోని మాప్రిక్ ఊరి ఆరోగ్య కేంద్రం వాళ్లు ఇంటికి ఇచ్చిన మందు పూసిన దోమతెరలు రెండూ, పురుగు పట్టకుండా వాటికే కట్టాడు. కిందటి వానాకాలంలో మా అక్క చలిజ్వరంతో పోయింది. అప్పుడూ తెరల కింద పెండలాలే ఉన్నాయి.

ఇప్పుడు అక్క కూతురు మైయోకి నెలలో రెండుసార్లు జ్వరం వచ్చింది. మూడోది రాకూడదని బావ ఇంటి పక్కనున్న పెండలాల గుడిసెకు వెళ్లాను.

"బావా, ఒక తెర పిల్లకియ్యి."

"పండగ కానీ మాస్టారూ. వాలిగ్రాకి మచ్చపడ్డ పెండలం ఇస్తే ఊళ్లో తలెత్తుకోగలనా?"

వాలిగ్రా ఆయన పోటీదారు. ఏటా పండగలో ఒకరి పెండలం ఒకరికి ఇచ్చుకుంటారు; చిన్నది ఇచ్చినవాడు బతికినంతకాలం చిన్నవాడే.

"పిల్లకి మళ్లీ జ్వరమొస్తే?"

"వస్తుంది, పోతుంది. పిల్లలన్నాక మామూలే."

"అక్కకీ వచ్చింది."

ఆయన తెర అంచు సర్దాడు.

ఆడవాళ్ల గాలి సోకితే పెండలం పాడైపోతుందని మా నమ్మకం. బడిలో మొక్కల వేళ్ల గురించి పాఠం చెప్పే నేను కూడా నా భార్యను ఆ గుడిసె వైపు రానివ్వను.

"బావా, ఈ తెరలు కొత్తలో అక్క ఒక రోజు నీడన ఆరేసింది. ఆ మధ్యాహ్నం పిల్లతో కలిసి వాటి కిందే పడుకుంది. అక్కే చెప్పింది."

ఆయన చెయ్యి ఆగిపోయింది. "రెండిటి కిందా?"

"రెండిటి కిందా."

"ఎవరికి తెలుసు?"

"ఇప్పటికి నాకే. వాలిగ్రా కొడుకు నా తరగతిలోనే ఉన్నాడులే."

"నువ్వు మాస్టారివా, శత్రువ్వా?"

తెరలు విప్పి, వేలికొసలతో పట్టుకుని గుమ్మం బయట పడేశాడు. తర్వాత పెద్ద పెండలం మీద అరచెయ్యి వేసి, వెచ్చగా ఉందేమో చూశాడు. అక్క నుదుటి మీద ఆ చెయ్యి పడగా నేను చూడలేదు.

మైయో చాప మీద ఒక తెర కట్టాను.

"మామయ్యా, నాన్న మళ్లీ పట్టుకుపోతే?"

"దీని కింద నువ్వు పడుకున్నాక ఇంక ముట్టుకోడు."

మిట్టమధ్యాహ్నమే తెరలో దూరి పడుకుంది. ఈ చివరి నుంచి ఆ చివరికి దొర్లింది. లేచి, రెండోది కూడా కట్టమంది.