పదికి పది

సత్యభామ పేరుకే సత్యభామ. అలగడం చేతకాదు, ఒకరిని ఒక మాట అనడం అసలే చేతకాదు. హోటల్లో చల్లారిపోయిన సాంబారు తెచ్చి పెడితే మారుమాట లేకుండా తినేసి, సర్వరు వచ్చి "బాగుందా మేడం" అంటే "చాలా బాగుంది" అని తలూపే రకం. అలాంటి మనిషి ఇవాళ పొద్దున్నుంచీ బెంగళూరు మహదేవపురలో ఒక కార్ల సర్వీస్ సెంటర్ అద్దాల గదిలో కూర్చుని, అవతల లిఫ్టు మీద వేలాడుతున్న తన ఎర్ర కారుని చూస్తూ, ఎవరిదైనా గొంతు పట్టుకోవాలనుకుంటోంది. ఎవరి గొంతో మాత్రం తేల్చుకోలేకపోతోంది.

కారు కొని ఏడాది నిండలేదు. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. ఇంజన్ ముందుంటుంది గానీ, బండిని తోసేవి వెనక చక్రాలు. వంపు తిరిగేటప్పుడు ఎవరో వీపు మీద చెయ్యేసి "పద, పద" అన్నట్టుంటుంది. ఆ సుఖం ఆమెకి కొత్త. అదే కారు నిన్న పొద్దున ఆఫీసుకి వెళ్తుంటే ఔటర్ రింగ్ రోడ్డు మధ్యలో ప్రాణం వదిలింది. ముందు ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. ఎప్పుడూ వెలిగేదేలే అనుకుంది. కాసేపటికి బానెట్ కింద డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. వెనకున్న వాళ్ళంతా హారన్లు మోగించారు. ఒక ఆటో అతను తిట్టడానికే దిగివచ్చి, ఆమె మొహం చూసి మనసు మార్చుకుని, బండిని పక్కకి తోసిపెట్టాడు.

ఇంజన్ మార్చాల్సిందే. ఎవరు మార్చాలన్నదే ఇప్పుడు తేలాలి. కంపెనీ మారిస్తే కారు మళ్ళీ రోడ్డెక్కుతుంది. మార్చనంటే, కొత్త ఇంజన్ కొనే తాహతు ఆమెకి లేదు. కారు పాత ఇనుము కింద పోతుంది. ఆమె మళ్ళీ ఎడమ సీట్లోకి పోతుంది.

ఆ ఎడమ సీటు సంగతి చెప్పాలి. భర్త పద్మనాభం బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. చెడ్డవాడేం కాదు. తిట్టడు, అరవడు. స్టీరింగు మాత్రం ఇవ్వడు. ఆయన నడుపుతుంటే ఆమె ఎడమ పక్కన కూర్చుని, "బెల్టు పెట్టుకో" అంటే పెట్టుకుని, "ఏసీ తగ్గించు" అంటే తగ్గించి, "అటు బస్సేమైనా వస్తోందా చూడు" అంటే చూసి చెప్పేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస. యాభై దాటాక, ఆయనకి చెప్పకుండా సర్జాపుర రోడ్డులో డ్రైవింగ్ స్కూల్లో చేరింది. లైసెన్సు చేతికొచ్చాక తన జీతంతో, తన సంతకంతో ఈ కారు కొంది. పద్మనాభం బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని చెప్పుకాలితో తట్టి, "కొత్త మోడల్. పైగా వెనక చక్రాల బండి. ఏడాది తిరక్కుండా షెడ్డులో ఉంటుంది, చూస్తూ ఉండు" అన్నాడు. పూజ అయ్యాక, టైర్ల కింద పెట్టిన నిమ్మకాయలు తొక్కించడానికి తాళం కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. తనే ఎక్కి తొక్కించింది. బతుకులో ఆమె ఒకరు అడిగింది ఇవ్వకపోవడం అదొక్కసారే.

అందుకే లోపాలు మొదలైనప్పుడు ఇంట్లో నోరు విప్పలేదు. స్టార్ట్ చేయగానే ఇంజన్‌కి పెట్రోలు అందించే పంపులో కీచురాయి దూరినట్టు కీచుకీచుమనేది. తర్వాత్తర్వాత సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజన్ దానంతటదే ఆగిపోయేది. వాన పడితే వెనక లైట్ల లోపల ఆవిరి పట్టేది. ఇవన్నీ చాలవన్నట్టు, ఫ్లైఓవర్ వంపుల్లో ఆయిల్ లైటు మినుక్కుమనడం మొదలెట్టింది. ప్రతిసారీ ఇంట్లో "జనరల్ చెకప్" అని చెప్పి ఇక్కడికి తెచ్చేది.

ఇక్కడ శామ్యూల్ ఉండేవాడు. సర్వీస్ అడ్వైజర్. అంటే బండ్లు తెచ్చినవాళ్ళ బాధలు విని జాబ్ కార్డులో రాసుకుని, లోపల పని చేయించేవాడు. మొదటిరోజే ఆమె మాట పట్టేశాడు.

"మీది ఒంగోలు వైపా మేడం?"

"కనిగిరి."

"మాది దర్శి అక్కా!"

మేడం పోయి అక్క వచ్చింది. ఒకసారి అక్క అయ్యాక సత్యభామ ఇంకేం అడగగలదు?

"కొత్త మోడల్‌కి ఇయ్యన్నీ మామూలే అక్కా. రెండు మూడు సర్వీసులైతే సెట్ అవుద్ది," అనేవాడు. "కార్డులో ఇంజన్ కంప్లైంట్ అని రాస్తే పైదాకా పోద్ది, మా మేనేజరు నా మీద పడతాడు. జనరల్ చెకప్ అని రాస్తా. పని నేను దగ్గరుండి చేయిస్తాగా." ఆమె సంతకం పెట్టేది. వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చి, కిటికీలోకి వంగి, "అక్కా, ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తది. పదికి పది చెప్పండి. తొమ్మిదన్నా మాకు సున్నా కిందే లెక్క" అనేవాడు. కాల్ వచ్చేది. ఆమె పది చెప్పేది.

తమాషా ఏమిటంటే, వైట్‌ఫీల్డ్‌లో ఆమె ఉద్యోగమే తప్పులు పట్టడం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీముకి లీడు. "నోటితో చెబితే చెప్పినట్టు కాదు, కంప్లైంట్ టికెట్ రాయి" అని టీములో పిల్లల ప్రాణాలు తోడేసే మనిషి, సొంత బండి దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్క రాయించలేదు. మొహమాటం అనే జబ్బుకి చదువులూ ఉద్యోగాలూ అడ్డం కావు.

మధ్యాహ్నం దాటాక యశ్వంత్ ఆమెని లోపలికి పిలిచాడు. కంపెనీ జోనల్ ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు. తాతల నాడే బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఇంజన్ మారుస్తారా లేదా అన్నది ఇతను రాసే ముక్క మీదే ఆధారపడి ఉంది. కారు అడుగు భాగం విప్పి ట్రేలో పెట్టారు. ఆయిల్ పీల్చుకునే జల్లెడ నిండా బూడిదరంగు జిగురు ముద్ద కట్టి ఉంది.

"చూడండి మేడం. ఇది సీలెంటు. ఫ్యాక్టరీలో ఎక్కువ పూసిండారు. అది ఊడి లోపల పడిండాది. ఆయిల్ పైకి పోలేదు, ఇంజన్ పట్టేసిండాది."

సత్యభామకి ప్రాణం లేచి వచ్చింది. "అయితే తప్పు కంపెనీదే కదండీ?"

"జిగురు మాదే. నేను కాదనేది లేదు. కానీ బండి మెమరీలో ఇంకొకటి ఉండాది. ఆయిల్ లైటు శానా దినాల నుంచి ఎలగతా ఉండాది. లైటు ఎలిగితే ఓనరు మాకు చెప్పల్ల. చెప్పింటే ఇంజన్ మాది. చెప్పకుండా నడిపింటే మీది. రూలు అట్ల ఉండాది." అతను ఫోన్‌లో కార్డులు తిప్పి చూపించాడు. "అన్నీ చూసినా మేడం. జనరల్ చెకప్, జనరల్ చెకప్. మార్కులు చూస్తే పదికి పది. ఒక్క కంప్లైంటు లేదు."

"చెప్పానండీ. ప్రతిసారీ శామ్యూల్‌కి చెప్పాను."

శామ్యూల్ పక్కనే నిలబడి ఉన్నాడు. యశ్వంత్ అతనివైపు తిరిగాడు. "ఏమప్పా, చెప్పినారా?"

శామ్యూల్ ఆమె వైపు చూడలేదు. ట్రేలో జిగురు ముద్దనే చూస్తూ, "గుర్తు లేదు సార్" అన్నాడు.

అబద్ధం ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా చెప్పొచ్చని సత్యభామకి తెలియదు. యశ్వంత్ ఫోన్ మాట్లాడుకుంటూ పక్కకి వెళ్ళగానే శామ్యూల్ చెయ్యి పట్టుకుని బండ్లు కడిగే చోటికి తీసుకెళ్ళింది. చెడామడా తిట్టాలనుకుంది. గొంతులోంచి వచ్చింది బతిమాలాటే.

"నాయనా, ఒక్క మాట చెప్పు. అక్క చెప్పింది, నేనే రాయలేదని చెప్పు. నీకు దణ్ణం పెడతాను."

"చెబితే ఇయ్యాళే నన్ను ఇంటికి పంపుతారక్కా. పోయిన నెల మావోణ్ణి ఒకణ్ణి ఇట్టాగే పంపారు." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా ఆవిడకి నెలలు నిండినయ్. కాన్పు ఖర్చంతా కంపెనీ ఇన్సూరెన్సు మీదే అక్కా." చేతులు జోడించాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆమె ఏడ్చుకుంటూ ఇంటికి పోయేది. కానీ అతను ఇంకో మాట అన్నాడు. "అయినా మీకు ఇంట్లో ఇంకో కారుందిగా. సారుది."

ఆ మాట సరిగ్గా ఎక్కడ తగలకూడదో అక్కడే తగిలింది. సత్యభామకి అప్పుడు గుర్తొచ్చింది. ఫీడ్‌బ్యాక్ కాల్ మొదట్లో ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది, ఈ సంభాషణ రికార్డవుతోందని. చివరి కాల్‌లో తను ఆయిల్ లైటు మాట ఎత్తింది. తప్పకుండా ఎత్తింది.

ఆ మాట బయటపడితే శామ్యూల్ ఏమవుతాడో ఆమెకి తెలుసు. నెలలు నిండిన అతని భార్య సంగతి ఇప్పుడే విన్నది. తెలిసే, వినే, యశ్వంత్ దగ్గరికి నడిచింది.

"మీ ఫీడ్‌బ్యాక్ కాల్స్ రికార్డవుతాయి కదండీ. చివరిది తెప్పించి వినండి. లైటు సంగతి అందులో చెప్పాను."

వెనకనుంచి "అక్కా" అని వినిపించింది. ఆమె తిరిగి చూడలేదు.

రికార్డింగ్ తెప్పించేసరికి సాయంత్రమైంది. మేనేజరు గదిలో స్పీకరు పెట్టి వినిపించారు. సత్యభామ కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. శామ్యూల్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ముందు ఎవరో అమ్మాయి గొంతు, తర్వాత తన గొంతు. నవ్వుతూ, తియ్యగా.

"పది తల్లీ. పదే వేసుకో."

"ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా మేడం?"

"ఏం లేదమ్మా. వంపుల్లో ఆయిల్ లైటొకటి వెలుగుతోంది. శామ్యూల్‌కి చెప్పాన్లే."

యశ్వంత్ తలెత్తి ఆమెని చూసి, పరవాలేదన్నట్టు తలాడించాడు. సత్యభామ గెలిచాననుకుంది. స్పీకరు ఆగలేదు.

"కంప్లైంట్ రిజిస్టర్ చేయమంటారా మేడం?"

"అయ్యో, వద్దొద్దు! ఆ పిల్లాడికి మాటొస్తుంది. లైటుదేముంది, వెలిగి ఆరిపోతుంది, నాకు అలవాటైపోయింది. నువ్వేం రాయకు తల్లీ. పది వేసెయ్."

ఆపైన ఇద్దరూ నవ్వుకున్నారు. థాంక్యూ చెప్పుకున్నారు.

ఆ రెండో ముక్క సత్యభామకి అస్సలు గుర్తు లేదు. గుర్తుండటానికి అది ఆమె దృష్టిలో ఒక మాటే కాదు. రోజూ ఎవరితో ఒకరితో అనేదే. 'వద్దులెండి, పరవాలేదు' అని ఎన్ని వేలసార్లు అని ఉంటుంది! వాటిల్లో ఇదొకటి, అంతే.

యశ్వంత్ స్పీకరు ఆపాడు. "మేడం, నేను మీ పక్కనే రాయల్లని చూస్తి. చెప్పింది నిజమే, రాసుకుంటామంటే మీరే వద్దంటిరి. నాకు అలవాటైపోయింది అంటిరి. ఇది ఇంటే పైన ఎవురూ ఒప్పుకోరు. కోర్టుకు పోతారా, పోండి. ఆడ కూడా వీళ్ళు ఇదే ఇనిపిస్తారు." తర్వాత తలుపు వైపు చూశాడు. "నువ్వు గుర్తు లేదంటివి గదప్పా, శామ్యూల్."

మేనేజరు శామ్యూల్ వైపు చెయ్యి చాచాడు. శామ్యూల్ మెళ్ళోంచి ఐడీ కార్డు తీసి ఇచ్చాడు.

సత్యభామ ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలియదు. కారు పోయింది. అది చాలక ఒక పిల్లాడి కూడు కూడా పోయింది, తన చేతులతోనే. ఫోన్ మోగితే ఎత్తింది. "చెకప్ అయిందా?" అన్నాడు పద్మనాభం. "ఇంజన్ పోయింది. రండి," అంది.

ఆయన తన పాత తెల్ల కారులో వచ్చాడు. 'నే చెప్పలా' అనలేదు. అనాల్సిన అవసరం లేనట్టు కూర్చుని, లోపల్నుంచి వంగి ఎడమ తలుపు తెరిచాడు. గేటు దగ్గర శామ్యూల్ టిఫిన్ బాక్సు సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికెళ్ళి, "శామ్యూల్, నేను..." అంది.

"పోన్లేక్కా. మీ తప్పేముంది," అన్నాడతను. అతనిదీ అదే జబ్బు.

అప్పుడే ఫోన్ మళ్ళీ మోగింది. జాబ్ కార్డు మూసేస్తే చాలు, ఫీడ్‌బ్యాక్ కాల్ దానంతటదే వస్తుంది.

"నమస్తే మేడం, ఈ సంభాషణ రికార్డవుతోంది. ఇవాళ మీ వాహనానికి మేము అందించిన సేవకి ఒకటి నుంచి పది వరకు ఎన్ని మార్కులు ఇస్తారు?"

"ఒకటి," అంది సత్యభామ. "ఎందుకో కూడా చెప్తాను. రాసుకో తల్లీ. ఒక్క ముక్క వదలకుండా రాసుకో."

గేటు మధ్యలో నిలబడి మొత్తం చెప్పింది. కీచురాయి చప్పుడు, సిగ్నళ్ళ దగ్గర చావడం, లైట్లలో ఆవిరి, ఆయిల్ లైటు. ప్రతిసారీ నోటితో చెప్పానని రాయి. జనరల్ చెకప్ అని రాస్తే తెలిసీ సంతకం పెట్టానని రాయి. రాయొద్దని మీ వాళ్ళకి నేనే చెప్పాను, అది కూడా రాయి. తన గొంతు అంత పెద్దదని ఆమెకి ఇంతవరకూ తెలియదు. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. శామ్యూల్ తల దించుకున్నాడు. పద్మనాభం కిటికీ అద్దం దించి, భార్య గొంతేనా కాదా అన్నట్టు విన్నాడు.

"అన్నీ నమోదు చేశాను మేడం," అందా అమ్మాయి. "కానీ మీ జాబ్ కార్డు క్లోజ్ అయిపోయింది. ఇంకేమైనా సహాయం కావాలా?"

"వద్దమ్మా," అంది సత్యభామ.

కారు దగ్గరికొచ్చింది. కుడి తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. కిటికీ మీద పద్మనాభం మోచెయ్యి ఉంది. ఆయన తీయలేదు, ఆమె అడగలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"బెల్టు పెట్టుకో," అన్నాడు పద్మనాభం.

సత్యభామ పెట్టుకుంది.