సత్తవ్వ తవ్విన ఆలుగడ్డలు

ఎండిపోవడం కాదురా అది, పండటం, ఆకు పండుబారి నేలకు వాలిందంటే గడ్డ ఊరిందనే, ముప్పై ఏళ్లు మాక్లూరు చుట్టుపక్కల పసుపు చేన్లలో కూలికి తవ్విన సత్తవ్వకు ఈ సంగతి ఒకరు చెప్పాలా, కానీ నిన్న కొడుకు దేవన్న పెరట్లో నిలబడి ఎంత నవ్వాడు, నీ ఆలుగడ్డ చెట్లు పాణం ఇడిసినయే అవ్వా, రేపు మేస్త్రి వస్తుండు, ఈడ సిమెంటు పోపిస్త, ఆటో నిలుపుకోను జాగ అయితది, గడ్డలు బయటికెల్లితేరా అని ఆమె అడిగితే, ఎల్లితే ఈ జాగ నీకే ఇడిసిపెడత తియ్యి, అన్నాడు, అన్నాడు కదా, అందుకే పొద్దున్నే చాయ్ కూడా ముట్టకుండా గడ్డపార పట్టుకుని కూర్చుంది, వాకిట్లో అప్పుడే మేస్త్రి గొంతు, అయ్యో కాస్త ఆగవయ్యా, ఎవరి తొందర వారిదే.

మొదటి పోటుకు మట్టి, రెండో పోటుకూ మట్టే, మూడోదానికి రెండు గడ్డలు బయటపడ్డాయి, ఆకుపచ్చగా, అబ్బ ఎల్లినయే సంజనా అని అరిచింది, కోడలు పరుగున వచ్చి చూసి, పచ్చవడ్డయి తినొద్దత్తమ్మా, కడుపు చెడుతది, అంది, ఎండ తగిలితే గట్లనే అయితదట, చెట్టు మొదలుకు మట్టి ఎగదొయ్యాలెనట, అయ్యో తన మతి మండ, ముప్పై ఏళ్లు తవ్వడమే గానీ పెంచడం తనకేం తెలుసు, వంటింట్లో మొలకలొచ్చిన ఆలుగడ్డల్ని ముక్కకో కన్ను ఉండేలా కోసి నాటిన రోజు ఎంత సంబరపడింది, పాడు చేసుకుంది చేతులారా, మేస్త్రి దగ్గుతున్నాడు, దేవన్న వస్తున్నాడు, ఇంకొక్క పోటు, ఒక్కటంటే ఒక్కటి.

లోపల గట్టిగా తగిలింది, రాయేమో, కాదు, చేయి పెట్టి లాగితే పిడికెడంత గడ్డ, నున్నగా, పక్కన ఇంకోటి, దాని కింద మూడు, ఓయమ్మో ఇక చూడు, మట్టిలో మోచేతుల దాకా ముంచేసింది, అగో ఇంకోటి, అగో, చిన్నపిల్లలా కేకలు, సంజన కూడా చెప్పులు విడిచి మట్టిలో కూలబడింది, దేవన్న నోరు తెరిచి నిలబడ్డాడు, గిన్ని యాడికెల్లొచ్చినయే అవ్వా, అని తల గోక్కుని, నువ్వు పోయి రా అన్నా, ఈడ పని లేదు, అని మేస్త్రికి చెప్తున్నాడు, విన్నావా సత్తవ్వా, పని లేదంట, గెలిచినవే, గెలిచినవ్.

అత్తమ్మా, గా కుప్ప ఎవలికి, అంటోంది సంజన, ఏ కుప్ప అని చూస్తే, గోడవార నిండు గడ్డలన్నీ వరసగా పోగుపడి ఉన్నాయి, తన ఒడిలో మాత్రం గడ్డపార తగిలి తెగిన ముక్కలే, ఎప్పుడు వేరు చేసిందో తనకే తెలియదు, పసుపు చేన్లో నిండువి భూమిగల ఆసామి కుప్పలోకి, తెగినవి కూలివాళ్ల ఒడిలోకి, ఈ చేతులు అడగకుండానే పంచేశాయి, ఎవరికి తీసి పెట్టినవే, ఆసామి ఏడున్నడే ఈడ, అనుకుంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒడిలోని తెగిన ముక్కల్ని ఒక్కొక్కటే తడిమి చూసుకుంది, కోడలు చూస్తూనే ఉంది, ఎవలికి అత్తమ్మా, సత్తవ్వ కుప్పలోంచి అన్నిటికన్నా పెద్ద గడ్డను ఏరి, మట్టి తుడిచి, ఒడిలో వేసుకుంది, నాకేనే పిల్లా, ఆసామిని నేనే.