అరువు మేనమామ

నిర్మల చేసేది ఆయా పని. ఆమె అన్న రాఘవేందర్ మాత్రం చెల్లె ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ అని ఊరంతా చెప్పుకుంటాడు. "ఎయిర్‌పోర్టు పక్కపొంటి పని దొరికింది అన్నా" అని ఆమె చెప్పిన ఒక్క ముక్కకు కుర్చీ, టేబులు, ఏసీ గది తగిలించింది ఆయనే. భూములు అమ్మించే మనిషి కదా, ఉన్నదున్నట్టు చెబితే ఆయనకు అన్నం అరగదు.

సాతంరాయి దగ్గర ఆమె పనిచేసే విల్లాలు లేచిన నేలను అమ్మించింది కూడా ఆయనే. అందులో కొంత వాళ్ల నాన్న భూమి. అప్పుడు ఆడబిడ్డ సంతకం కావలసి వచ్చింది.

"నీకేం ఫికర్ వద్దు చెల్లె. రేపు నీ బిడ్డకు చీర కట్టించే దినం మేనమామ లెక్క ముందల నిలబడి అన్ని నేనే జేస్త" అన్నాడు. నిర్మల మారుమాట లేకుండా సంతకం పెట్టింది.

ఆ దినం రానే వచ్చింది. కూతురు సంతోషి పెద్దమనిషైంది. ఆదివారం కొత్వాల్‌గూడలో ఇంటి ముందు టెంటు వేసి ఫంక్షన్ చేయాలి. మేనమామ తెచ్చిన చీరను ఆయన చేతుల మీదుగా పిల్ల అందుకోవాలి. ఆ చేతులు రాకపోతే తల్లికి పుట్టిల్లు లేనట్టే. వాడకట్టు ఆడవాళ్లు ఆ మాట మొహం మీదే అంటారు. ఫోన్ చేసినప్పుడల్లా రాఘవేందర్ "చూస్త చెల్లె, జర బిజీ ఉన్న" అంటున్నాడు. సంతోషి మాత్రం మామ ఏ రంగు చీర తెస్తాడని తల్లి ప్రాణం తీస్తోంది. అందుకే గురువారం పని కాగానే వదినకు బొట్టు పెట్టి ఇద్దరినీ పిలిచి రావాలని, నిర్మల కుంకుమ భరిణె వెంట తెచ్చుకుంది.

ఆ గురువారమే విల్లాలో ఆమె చూసుకునే బాబుకు అన్నప్రాసన. వాడి తల్లి స్వర్ణలత మేడమ్ నిర్మలకు కొత్త గులాబీరంగు యూనిఫాం ఇచ్చింది.

"గెస్టులకి నువ్వెవరో తెలియాలి కదా నిర్మలా" అంది.

బాబుకు జ్వరం వచ్చినప్పుడు వాణ్ణి భుజాన వేసుకుని తిరిగినప్పుడు ఎవరికీ తెలియాల్సిన అవసరం రాలేదు. వాడికి పొద్దున్నే పాలు పట్టేది మేడమ్ కాదు, నిద్రపుచ్చేది సార్ కాదు. ఇప్పుడు వచ్చినవాళ్లు ఎవరైనా నిర్మలను తల్లి అనుకుంటే కొంప మునుగుతుందట.

గిఫ్టులు ప్యాక్ చేసింది కూడా ఆమే. మేనమామ చేతికి ఇవ్వడానికి, ఆయన భార్య కోసం ఆకుపచ్చ పట్టుచీర ఒకటి విడిగా పెట్టారు. రిబ్బను నున్నగా జారిపోతుంటే, సంతోషి జడకు రోజూ వేసే ముడి వేసి గట్టిగా బిగించింది.

తీరా ముహూర్తానికి మేనమామ లేడు. మేడమ్ అన్నయ్య ఎక్కిన విమానానికి దిగడానికి వరుస రాలేదట, పైనే చక్కర్లు కొడుతోంది. విల్లా మీదుగా ఏ విమానం పోయినా మేడమ్ తలెత్తి "ఇదేనేమో" అంటోంది. ఆ మోతకు పంతులుగారు మంత్రం ఆపి, మళ్లీ మొదటి నుంచి అందుకుంటున్నారు.

"ముహూర్తం దాటిపోతోందమ్మా. మేనమామ స్థానంలో ఎవరో ఒకరిని కూర్చోబెట్టండి" అన్నారు చివరికి.

అప్పుడే తెల్లచొక్కా, మెడలో గొలుసుతో లోపలికి వచ్చాడు రాఘవేందర్. మేడమ్ వాళ్లకు ఈ ప్లాటు ఇప్పించింది ఆయనే.

"సమయానికి వచ్చారు. మీరే మా అన్నయ్య అనుకోండి. బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుంటారా?" అంది మేడమ్.

"గంతకన్న అదృష్టమా మేడమ్! నాకు గూడ ఒక చెల్లె ఉంది. ఎయిర్‌పోర్టుల పెద్ద ఆఫీసర్. చెల్లె అంటే నాకు పానం."

సరిగ్గా ఆ మాట మీదే నిర్మల బాబును ఎత్తుకుని మెట్లు దిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రాఘవేందర్ నోరు తెరుచుకుంది, మళ్లీ మూతపడింది. ‘అన్న ఇప్పుడంటాడు, ఇదే నా చెల్లె అని’ అనుకుంది నిర్మల. అంత పిచ్చిది.

"మేడమ్, ఆయాను బాబును ఇటియ్యమనుండ్రి" అన్నాడాయన.

ఒళ్లోకి రాగానే వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఎవరు ఆడించినా ఆగలేదు. పంతులుగారు విసుగుపడి "ఆ అమ్మాయిని పక్కన కూర్చోమనండి" అన్నారు. నిర్మల అన్న పక్కన కూర్చుని బాబు చేయి పట్టుకుంది. వాడు ఊరుకున్నాడు. ఆదివారం తన వాకిట్లో ఎలా కూర్చోవాలని ఆశపడిందో, అన్నాచెల్లెళ్లు అలాగే కూర్చున్నారు.

"అన్నా, ఆదివారం..." అంది గుసగుసగా.

"ఇప్పుడు గాదు" అన్నాడు పెదవి కదలకుండా.

"ఆయమ్మా, జర పక్కకు జరుగు. ఫోటోల వస్తున్నవ్" అన్నాడు ఫోటోగ్రాఫర్. నిర్మల జరిగింది.

రాఘవేందర్ తన వేలి ఉంగరం తీసి, పాయసంలో ముంచి బాబు నాలుకకు అద్దాడు. ఆ ఉంగరం వాడికే ఇచ్చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ మురిసిపోయి, రిబ్బను కట్టిన చీర ప్యాకెట్టు ఆయన చేతిలో పెట్టింది. ఆలస్యంగా దిగిన అసలు అన్నయ్యకు లడ్డూల డబ్బా దక్కింది.

వెళ్లేటప్పుడు కారు దగ్గర నలుగురూ చూస్తుండగా రాఘవేందర్ ఒక నోటు తీసి నిర్మల చేతిలో పెట్టాడు.

"బాబును మంచిగ జూస్కో" అన్నాడు గట్టిగా. తర్వాత గొంతు తగ్గించి, "ఆదివారం నాకు వీలుగాదు. చీర పంపిస్త" అన్నాడు.

నిర్మలకు ఒళ్లు మండిపోయింది. సొంత అన్న బక్షీస్ ఇచ్చాడు. ఆయన కారెక్కగానే ఆ నోటు వైపరు కింద దోపి లోపలికి వెళ్లిపోయింది. డ్రైవర్ కొండల్ అది చూసి కూడా చూడనట్టు బండి తీశాడు. యూనిఫాం జేబులో కుంకుమ భరిణె అలాగే ఉండిపోయింది.

ఆదివారం టెంటు కింద అందరూ కూర్చున్నాక కొండల్ వచ్చాడు.

"సార్ పంపిండక్కా. నువ్వు మా సార్ చెల్లెవని అడ్రస్ చెప్పినంకనే ఎరుకైంది" అంటూ తలవంచుకుని ప్యాకెట్టు ఇచ్చాడు.

సంతోషి ఉరికొచ్చింది. "మామ చీర!" అని గంతేసి, విప్పబోయి ఆగింది. "అమ్మా, గీ ముడి నువ్వు నా జడకేసే ముడి లెక్కనే ఉంది."

నిర్మల చూసింది. ఆమె వేసిన ముడే. ఆమె మడిచిన కాగితమే. కనీసం విప్పి చూసే ఓపిక కూడా లేకపోయింది అన్నకు. ఆ క్షణాన ఆయన మీద ఉన్న కాస్త ప్రేమా చచ్చిపోయింది.

ప్యాకెట్టు కూతురి చేతిలోంచి తీసుకుంది. లోపలికి వెళ్లి, ఎందుకైనా మంచిదని జీతంలోంచి కొని దాచిన పసుపు చీర తెచ్చి కొండల్ చేతుల్లో పెట్టింది.

"పీట మీద కూసో అన్నా."

"నేనా? నేను డ్రైవర్నక్కా!"

"మొన్న మా అన్న గూడ ఎవరి పిలగానికో మేనమామ అయిండు. నువ్వు నా బిడ్డకు గావద్దా?"

ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. కొండల్ చెప్పులు విడిచి కూర్చున్నాడు. చీరను రెండు చేతులా ముందుకు చాపాడు. "మామ ఏడమ్మా?" అని సంతోషి ఏడుస్తూనే ఆ చీర అందుకుని కాళ్లు మొక్కింది. కొండల్ అక్షింతలు వేశాడు. నిర్మల భరిణె తెరిచి అతనికి బొట్టు పెట్టి, కడుపునిండా అన్నం పెట్టించింది.

వెళ్లేటప్పుడు ముడి విప్పని ప్యాకెట్టు అతని చేతికిచ్చింది.

"సార్ అడిగితే ఏం చెప్పాలక్కా?" అన్నాడు భయంగా.

"ఎయిర్‌పోర్టు ఆఫీసర్ వాపస్ పంపిందని చెప్పు."