ముడి దగ్గర ఆగిన మూడో భాగం

మా ఇంటాయన పేరు నేను చెప్పను. మా కానో ఊళ్ళో ఏ భార్యా మొగుడి పేరు పలకదు గనక అందులో నా గొప్పేం లేదు. విశేషం ఏమిటంటే, ఆయన్ని కన్నతల్లి కూడా ఆ పేరు ఎన్నడూ పలకలేదు. తొలిచూలు బిడ్డంటే మావాళ్ళలో తల్లికి సిగ్గు. పదిమందిలో ఎత్తుకోదు, ముద్దాడదు, పేరుపెట్టి పిలవదు. బిడ్డకి గడ్డం నెరిసినా అంతే. మా అత్తగారు హజియా దేలుకి ఆయన ఎప్పుడూ "ఇంటి యజమాని"యే. ఆయన గుమ్మంలో అడుగు పెట్టాడంటే చాలు, ముసుగు మొహం మీదికి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంటుంది.

ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆ శుక్రవారం జరిగినదంతా దీంట్లోంచే వచ్చింది.

మధ్యాహ్నం నమాజయ్యాక మగవాళ్ళు బజారుకో బడికో పోతారు. మేం పగలు గడప దాటం గనక, పెరటి గోడలో ఉన్న చిన్న తలుపులోంచి చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మా ఇంటికి వచ్చేస్తారు. ఆయన పెద్దభార్య, మా జుమ్మై అక్క, వేరుశెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంటుంది. నేను బడి చదువు చదివినదాన్ని గనక పుస్తకం నా చేతిలో ఉంటుంది. ఆ పుస్తకం రాసింది మా వీధి చివర ఉండే అసబే. మొగుడు పోయాక కలం పట్టింది. ముగ్గురు పిల్లల్నీ ఆ కలమే సాకుతోంది.

ఆమె రాసే కథలో జుబైదా అని ఒక పిల్ల ఉంటుంది. ముక్తార్ అనే బట్టల వ్యాపారికి మూడో పెళ్ళాం. వాడు ఆమెని అనరాని మాటొకటి అన్నాడు. ఇక వాడికి తలుపు తియ్యనని ఆమె ఒట్టు పెట్టుకుంది. రెండో భాగం చివర వాడు వచ్చి తలుపు తట్టాడు. జుబైదా గడియ మీద చెయ్యి వేసింది. అంతే, పుస్తకం అయిపోయింది.

అది చదివిన రోజు జుమ్మై అక్క నా మీదకి వేరుశెనగ తొక్కలు విసిరింది, మిగతా కాగితాలు నేనే దాచుకున్నట్టు. పక్కింట్లో బాలింత వేన్నీళ్ళ స్నానాల మధ్యలోంచే కబురు పెట్టింది, తలుపు తీసిందా లేదా చెప్పమని. అందరికన్నా ఎక్కువ ఊగిపోయింది మాత్రం మా అత్తగారు. "తీస్తుంది. తియ్యకపోతే నేనే వెళ్ళి తీస్తాను. కానీ ఆ ముక్తార్‌గాడికి తొందరెక్కువ, కాస్త మెల్లగా ఏడవమను" అని తొడ చరుచుకుని నవ్వింది. వీధిలో మా ఇంటాయన మోటారుసైకిలు చప్పుడు వినపడగానే తస్బీ జపమాల చేతిలోకి వచ్చేసింది, మొహం గోడవైపు తిరిగిపోయింది. వాళ్ళమ్మ మధ్యాహ్నాలన్నీ జపంలో గడుపుతోందని ఆయన నమ్మకం. మేమెవ్వరం ఆ నమ్మకం చెడగొట్టలేదు.

బజారులో పుస్తకాల దుకాణాలవాళ్ళూ వీధి పెద్దలూ కలిసి ఒక కమిటీ పెట్టుకున్నారు. దాని స్టాంపు పడందే ఏ కథా అచ్చుకి పోదు. ఆ కమిటీకి పెద్ద మా ఇంటాయనే. చెడ్డవాడు అనను. బడిలో పిల్లల్ని కొట్టని మాస్టారు ఆయనొక్కడే. కానీ బూతు అనుమానం వచ్చిందంటే నిద్రపోడు. పైగా ఎర్ర కలం ఒకటి జేబులో పెట్టుకుని తిరుగుతాడు.

స్టాంపుకి వచ్చిన మూడో భాగం ఆయన దిండు కింద ఉందని పక్క దులుపుతుంటే తెలిసింది. ఆగగలనా! నిలబడే చదివేశాను. పొయ్యి మీద కూర మాడింది, మాడనీ అనుకున్నాను. జుబైదా తలుపు తీసింది. తీసి, వాణ్ణి మీద పడనివ్వలేదు. కూర్చోబెట్టింది. నిప్పుల కుంపట్లో ధూపం వేసింది. పొగ ఆమె ఒంటిగుడ్డ మడతల్లోంచి పైకి లేస్తుంటే వాడు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు అలాగే చూడనిచ్చింది. అప్పుడు వాడి చెయ్యి తీసుకుని తన నడుం దగ్గర ముడి మీద పెట్టింది. "విప్పు. మెల్లగా. నేను ఆగమన్నప్పుడు ఆగు" అంది. తర్వాత రెండు పేజీలు నేను ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు. చెవులు వేడెక్కిపోయాయి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఇలా అడగొచ్చని నాకు ఎవరూ చెప్పలేదే అనిపించింది, సంతోషం కూడా వేసింది. "నేను ఆగమన్నప్పుడు" అన్న మాట కింద రెండు ఎర్ర గీతలు ఉన్నాయి.

శుక్రవారం మా ఇంటాయన అసబేని మా ముందుగదికి పిలిపించాడు. నేనూ జుమ్మై అక్కా తెర వెనక చేరాం. ఇది బూతు అని తేల్చాడు. తేలిస్తే మూడో భాగంతో పోదు. పాత పుస్తకాలు కూడా దుకాణాల్లోంచి తీసేస్తారు, ఏ అచ్చాఫీసూ ఇక ఆమె కాగితం ముట్టుకోదు. అసబే వెనక్కి తగ్గలేదు. వాళ్ళిద్దరూ నికా అయిన మొగుడూ పెళ్ళాలే కదా, తప్పేముంది అని అడిగింది.

"వాళ్ళు కలవడం కాదమ్మా నా బాధ," అన్నాడాయన. "ఆ పిల్ల అడుగుతోంది. పైగా ఎలాగో చెబుతోంది."

మొగుణ్ణి మురిపించే ఆడవాళ్ళ మందులు బజారులో బుట్టల్లో పెట్టి అమ్ముతున్నారు, పెళ్ళికూతురి ముందు మేనత్తలు పాడే పాటలు వింటే మతపాఠాలు చెప్పే మాలంగారు ఊరొదిలి పోతారు, వాటికి లేని స్టాంపు నాకెందుకు అంది అసబే. అవి ఆడవాళ్ళ మధ్య పోయే మాటలు, అచ్చయిన కాగితం ఎవరి చేతిలోనైనా పడుతుంది అన్నాడాయన. ఆ మాటలో కొంత న్యాయం ఉంది, కాదనను. అప్పుడాయన తన కొలత చెప్పాడు. తల్లి ముందు చదవగలిగింది కథ, చదవలేనిది బూతు. అసబేకి తల్లి లేదు.

"అయితే మా అమ్మ ముందు చదవండి," అన్నాడు. "ఈ వీధిలో ఆవిడంత సిగ్గున్న మనిషి లేదు. మొహం కప్పుకోకుండా చివరిదాకా వింటే, స్టాంపు నేనే వేస్తాను."

తెర వెనక జుమ్మై అక్క కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వాపుకోలేక. నాకూ ఒళ్ళు పొంగిపోయింది. వాళ్ళమ్మని ఆయన ఎప్పుడైనా చూస్తేగా! గోడవైపు తిరిగిన వీపునే తల్లి అనుకుంటున్నాడు పాపం. ఇక మూడో భాగం మన చేతికి వచ్చేసినట్టే అనుకున్నాను. ఒక్క విషయం మాత్రం నాకు తట్టలేదు. దగ్గరుండి చూస్తానన్నాడు ఆయన.

హజియా గదిలో చాప వేశాం. మగగొంతు చదివితే బాగోదు, నువ్వే చదువు అని కాగితాలు నా చేతికిచ్చాడు. ఆయన లోపలికి రావడమే ఆలస్యం, మా అత్తగారి ముసుగు గడ్డం దాకా దిగిపోయింది. అసబే నా వైపు చూసింది.

మొదటి పేజీలో జుబైదా గోంగూర పువ్వుల పానకం కాస్తుంది, అంతే. అది వింటూ కూడా ముసుగు కదల్లేదు. నేను ముందే చదివిన సంగతి బయటపడకుండా తడబడుతూ చదవాలని చూశాను గానీ, నాలుక నా మాట వినదే! కాగితం తిప్పకముందే తర్వాతి వాక్యం నోట్లోకి వచ్చేస్తోంది. తలుపు తెరుచుకుంది. ధూపం లేచింది. ముసుగు కింద తస్బీ తిప్పే వేళ్ళు ఆగిపోవడం నేను చూశాను. ఆయన చూడలేదు. వాడి చెయ్యి తీసుకుని ముడి మీద పెట్టింది అని చదివాను. ఆయన చెయ్యెత్తాడు.

"చాలు. చూశారుగా, మొహం కప్పుకునే ఉంది. ఇది బూతు."

అసబే ఏడవలేదు. కాగితాల కోసం చెయ్యి చాచింది, అంతే. ఆ చాచిన చెయ్యి చూసేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మొగుడికి పదిమందిలో ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

"హజియా మొహం కప్పుకుంది కథకి కాదు, మీకు," అన్నాను. "పానకం కాస్తుంటే కూడా కప్పుకునే ఉంది. పానకం బూతా?"

"నీకు తెలియదు, ఊరుకో."

"సరే, తల్లి నోట రానిదల్లా బూతే అంటే, మీ పేరు ఆవిడ నోట పుట్టినప్పట్నుంచీ రాలేదు. నా నోటా రాదు. మీ పేరు బూతా మరి?"

జుమ్మై అక్క నా మోచెయ్యి గిల్లింది. ఆయన మొహం మాడిపోయింది. నా చేతిలోంచి కాగితాలు లాక్కున్నాడు. ఎర్ర కలం మూత తీసి, మొదటి కాగితం మీద అడ్డంగా గీత పెట్టబోతూ గుమ్మం వైపు అడుగు వేశాడు.

"షుఐబు."

ఎవరు పిలిచారో ఒక్క క్షణం ఎవరికీ తెలియలేదు. ఆ గొంతు అంత చిన్నగా, కొత్తగా ఉంది. ముసుగులోంచి వచ్చింది.

"షుఐబు. కూర్చో. ముడి దగ్గర ఆపేస్తే ఎలా? నెలల తరబడి గడియ మీదే ఉండిపోయింది ఆ పిల్ల చెయ్యి." ముసుగు తీసేసింది. ముడతలు పడ్డ ఆ మొహం కొడుకు వైపు తిప్పి, కళ్ళు దించకుండా చూసింది. పెదవి అదురుతోంది, అయినా చూపు తిప్పలేదు. "లాదీ, నువ్వు చదువు."

ఆయన కూర్చున్నాడు. తలుపు దగ్గరే, చాప మీద కూడా కాదు, వట్టి నేల మీద. అసబే వంగి ఆయన చేతిలోంచి కాగితాలు తీసుకుని నాకిచ్చింది. ఆయన వదిలేశాడు.

నేను చదివాను. ఎలా చదివానని! ఇక తడబాటు నటించే పనిలేదు. మెల్లగా అన్న చోట మెల్లగా, ఆగమన్న చోట ఆగి, మళ్ళీ మొదలుపెట్టి. జుమ్మై అక్క వేరుశెనక్కాయ ఒకటి గుప్పిట్లో పట్టుకుని నలపడం మర్చిపోయింది. పెరటి తలుపు దగ్గర కిటకిటలాడుతున్న తలలు నాకు కనపడుతూనే ఉన్నాయి. హజియా ఒక చోట తొడ చరిచి "అలా చెప్పు వాడికి" అంది, అలవాటు కొద్దీ. చివరి పేజీ వచ్చేసరికి గదిలో మొహం కప్పుకుని ఉన్నది ఒక్క మనిషి. టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు మా ఇంటాయన.

మాట తప్పే మనిషి కాదు. స్టాంపు అక్కడే వేశాడు, ఎర్రగీతల పక్కనే. అసబే కాగితాలు గుండెకి హత్తుకుని పెరటి తలుపులోంచి పరిగెత్తింది. వీధి వీధంతా ఆమె వెనకే కిలకిలమంటూ పోయింది.

రాత్రికి ముద్దా కూరా పెట్టాను. చెయ్యి కడుక్కుని కూడా తినకుండా కూర్చున్నాడు. తిట్లకి సిద్ధపడి నేను తల వంచుకున్నాను.

"ఇదిగో," అన్నాడు. "విన్నావా నువ్వు? నా పేరు పిలిచింది."

విన్నానన్నాను.

"రెండుసార్లు," అన్నాడు. ముద్ద తుంచాడు, మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేశాడు. "నాలుగో భాగం ఎప్పుడు రాస్తుందట ఆ అమ్మాయి?"