కానుక గుర్రాల కాపరి

సొద్నోమ్ రష్యా వీపు గీకడం ముగించి, చైనా డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు తీస్తున్నాడు. ఆ రెండు గుర్రాలూ పక్కపక్కన ఉంటే కరుచుకుంటాయి. మధ్యలో అమెరికాని కడితే రెండూ ఏకమై దాన్నే కరుస్తాయి. అందుకని అమెరికాని విడిగా, గాలి సోకని చోట కట్టేవాడు.

ఉలాన్‌బాతర్‌కి వచ్చిన పెద్ద అతిథికి మంగోలియా ఒక గుర్రాన్ని కానుకిస్తుంది. అతిథి దాని పక్కన ఫొటో దిగి విమానమెక్కుతాడు. గుర్రం ఎక్కదు. అలా మిగిలిన గుర్రాలన్నీ తూల్ నది ఒడ్డున సొద్నోమ్ చేతికొస్తాయి. ఏ దేశపు అతిథిదైతే ఆ దేశమే దాని పేరు. మంత్రులు మాటిస్తారు, ఇతను మేతిస్తాడు. దౌత్యమంటే అతనికి దాణా, దౌడు. పైవాళ్ళ సంధి కుదిరినా విసంధి అయినా గడ్డివేళకి గడ్డి పడాల్సిందే. దొడ్డికాళ్ళవాడు, నేలమీద నడిస్తే బాతు, జీనెక్కితే డేగ. ఏ సరిహద్దూ దాటలేదు. ప్రపంచమే వచ్చి అతని అరచేతిలో ఉప్పు నాకింది.

"గుడ్డిగుర్రానికి పళ్ళు తోమే ఉద్యోగం నీది," అంది భార్య నోర్జ్మా, ఉప్పుటీ అందిస్తూ.

"అమెరికాకి ఒక కన్ను కనబడుతోందే! సగమే గుడ్డి. సగం ఉద్యోగమైనా ఒప్పుకో."

నవ్వాడు కాని, చూపు ఆ పాలపసుపు గుర్రం మీదే ఉంది. పళ్ళరిగాయి, డొక్కలు లోపలికి పోయాయి. చలికాలం దాటదు. జూలుకి నీలిపట్టు గుడ్డ కట్టి వదిలేస్తే, అక్కడి ఆచారం ప్రకారం ఇక దానికి జీను లేదు, తాడు లేదు. ఉన్న నాలుగు రోజులూ మందతో కొండమీద తిరుగుతుంది. కాని కట్టాల్సింది యజమాని. కానుక పుచ్చుకున్న పెద్దమనిషి ఏనాడో చనిపోయాడు. ఇవాళ అమెరికా దేశపు కొత్త రాయబారి గుర్రాన్ని చూడవస్తోంది. అతని బదులు ఆమె కట్టొచ్చు. ఇవాళ తప్పితే మళ్ళీ ఎవరొస్తారు?

విదేశాంగశాఖ నుంచి వచ్చిన మ్యగ్మార్ ముందే బతిమాలాడు.

"సొద్నోమ్ గారూ, మీకు పుణ్యముంటుంది, వదిలేద్దామన్న మాట ఎత్తకండి. అటు రష్యా పెద్దన్న, ఇటు చైనా పెద్దన్న. దూరాన ఉన్న ఈ ఒక్క నేస్తాన్నీ మనమే తాడు విప్పి తోలేశామంటారు."

"తాడు గుర్రం మెడకి నాయనా, నీ మెడకి కాదు."

రాయబారి వచ్చింది. పొడుగాటి మనిషి, బురదకి సిద్ధపడి వచ్చినట్టు బూట్లేసుకుంది. సొద్నోమ్ ఉండబట్టలేక, "ఇది ముసలిదైందమ్మా, మీరు విడిచిపెట్టాలి," అన్నాడు. మ్యగ్మార్ నోట్లో పడి ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఆ మాట చాలా పొడుగైంది. ఆమె చిరునవ్వుతో తలూపింది. గుర్రం వైపైనా చూడలేదు. తన మాట దారిలోనే ఎక్కడో పడిపోయిందని సొద్నోమ్‌కి అర్థమైంది.

అంగీ లోపల దాచిన నీలిపట్టు తీసి, రెండు చేతులా ఆమె ముందు చాపాడు. ఆమె మురిసిపోయి మెడలో వేసుకుంది. అతిథికి ఇచ్చేదీ అదే పట్టు, ఇచ్చే తీరూ అదే మరి! మ్యగ్మార్ చప్పట్లు కొట్టాడు.

గుడారం గుమ్మంలోంచి నోర్జ్మా కేకేసింది. "ముసలాడా, గుర్రానికి బదులు మనిషిని వదిలేశావు! ఇక ఆవిడ మీద ఎవరూ జీను వెయ్యరు!"

సొద్నోమ్‌కీ నవ్వాగలేదు. మెల్లగా రాయబారి చేయి పట్టుకుని గుర్రం మెడమీద పెట్టాడు. ఆమె వేళ్ళకి ఎముకలు తగిలాయి. మ్యగ్మార్‌ని ఏదో సూటిగా అడిగింది. సూటి ప్రశ్నకి వంకరదారి దొరక్క అతను ఉన్నదంతా చెప్పేశాడు.

"కడితే ఇది మాది కాకుండా పోతుందా అంటోంది," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"ఎవరిదీ కాకుండా పోతుంది."

"మరి స్నేహమో, అంటోంది."

"స్నేహమేమన్నా జీనెక్కి కూర్చుందా? అడుగు."

ఈసారి తర్జుమా పొట్టిగానే సాగింది. ఆమె మెడలోని పట్టు తీసి జూలుకి కట్టింది. ముడి వంకరగా పడింది. సొద్నోమ్ సవరించలేదు. గుర్రం తలపట్టీ విప్పి గుంజకి తగిలించాడు.

వదిలారని నమ్మకం కుదరనట్టు గుర్రం కాసేపు నిలబడింది. తర్వాత కొండవైపు, మందవైపు నడిచింది.

"పైవాళ్ళకి ఏం చెప్పమంటారండీ?" అన్నాడు మ్యగ్మార్.

"నడిచి వెళ్ళిందని చెప్పు."

ఆ రోజే పొద్దు వాలేముందు సొద్నోమ్ కొండెక్కాడు. ఎండ పడే వాలులో, గాలికి మూతిపెట్టి, పాలపసుపుది పడుకుని ఉంది. ఊపిరి లేదు. చుట్టూ మంద నిమ్మళంగా మేస్తోంది. పక్కనే కూర్చుని చిటికెడు పొడుం పీల్చాడు. కట్టేసినచోట పోలేదు. అది చాలు.

"మందలోనే పోయింది," అన్నాడు ఇంటికొచ్చి. నోర్జ్మా టీ పోసింది.

బయట గుంజకి ఖాళీ తలపట్టీ వేలాడుతోంది. ముక్కుమీది తోలు ఇంకా ఆ మూతి వంపులోనే ఉంది.